శిక్ష ఎంత, ఎందుకు? : ఈడిగ అనమ్మ కేసు మొదలు చిత్తూరు తీర్పుల వరకు

వ్యాససంగ్రహం: నేరం రుజువు కావడం ఒక దశ. రుజువైన నేరానికి ఎంత శిక్ష తగునో నిర్ణయించడం వేరొక దశ. మొదటి దశకు సాక్ష్యాధార చట్టం, పూర్వతీర్పులు, వాదోపవాదాలు అండగా ఉంటాయి. రెండవ దశలో న్యాయమూర్తికి ఉన్న ఆధారం చాలా పలుచన. శిక్షకు శాస్త్రం చెప్పే లక్ష్యాలేమిటి, శిక్షాపరిమాణాన్ని వాస్తవంగా ప్రభావితం చేస్తున్న అంశాలేమిటి అన్న ప్రశ్నలను ఆంధ్రప్రదేశ్ నుండి సుప్రీంకోర్టుకు చేరిన కొన్ని కేసుల ద్వారా, చిత్తూరు న్యాయస్థానాల రెండు ఇటీవలి తీర్పుల ద్వారా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దోషి జీవితాన్ని గురించిన సమాచారం న్యాయస్థానం ముందుకు రాకపోతే లక్ష్యాల మధ్య ఎంపిక నామమాత్రమవుతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: శిక్షాలక్ష్యాలు, దండనీతి, మరణశిక్ష, ఉపశమనాంశాలు, ఈడిగ అనమ్మ కేసు, చిలకలూరిపేట బస్సు దహనం, ఎర్రచందనం కేసులు, చిత్తూరు.

1. ఉపోద్ఘాతం

2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక సంస్థ కార్యాలయంలో జరిగిన దాడిలో నాటి మేయర్ కటారి అనురాధ, ఆమె భర్త కటారి మోహన్ ప్రాణాలు కోల్పోయారు. దాదాపు పదేళ్ల తరువాత, 2025 అక్టోబరు 31న, చిత్తూరులోని న్యాయస్థానం ఆ కేసులో ఐదుగురు దోషులకు మరణశిక్ష విధించింది. వారు దోషులా కాదా అన్నది మన చర్చకు బయటి విషయం. అది సాక్ష్యాలను బట్టి పైన్యాయస్థానాలు తేల్చవలసినది. దోషులని తేలిన తరువాత యావజ్జీవ కారాగారమా, మరణశిక్షా అన్న ప్రశ్నకు న్యాయమూర్తి దేనిని చూసి సమాధానం వెదకాలి? ఈ వ్యాసం పరిశీలించేది ఆ ప్రశ్ననే.

తెలుగు అధ్యాపకులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 'శిక్ష' అన్న మాట సంస్కృతంలో ప్రధానంగా నేర్చుకోవడాన్ని చెబుతుంది. వేదాంగాలలో మొదటిదానికి అదే పేరు. తెలుగులో 'శిక్షణ' ఆ అర్థాన్ని నిలుపుకోగా, 'శిక్ష' దండన వైపు ఒరిగిపోయింది. 'శాస్' ధాతువుది కూడా ఇదే కథ. శాస్త్రం, శాసనం, శిష్యుడు అన్న మాటలు ఆ ధాతువు నుండే వచ్చాయి. 'తగిన శాస్తి జరిగింది' అనే మాటలోని శాస్తి కూడా అక్కడిదే. నేర్పడం, బాధించడం అనే రెండు క్రియలను మన భాష ఒకే వేరు మీద నిలబెట్టింది. ఆధునిక శిక్షాశాస్త్రంలోని ప్రధానమైన తగవు కూడా ఈ రెండింటి మధ్యనే నడుస్తోంది.

2. దండనీతి: తెలుగువారికి అందిన వారసత్వం

ధర్మశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చిన తొలి కవి మూలఘటిక కేతన. 13వ శతాబ్దిలో ఆయన రచించిన 'విజ్ఞానేశ్వరీయం', యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకున్నది. తిక్కనకు 'దశకుమారచరిత్ర'ను అంకితమిచ్చిన కవి వ్యవహారకాండను తెలుగు పద్యంలో కూర్చడానికి పూనుకున్నాడంటే, తగవు తీర్చే పెద్దలకు దేశభాషలో ధర్మశాస్త్రం అవసరమని ఆనాడే గుర్తించారని భావించవచ్చు. అయినా సాహిత్యచరిత్రలలో ఈ గ్రంథానికి దక్కే చోటు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలు మాత్రమే.

యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలోని రాజధర్మ ప్రకరణం దండనలను నాలుగు మెట్లుగా చెబుతుంది: మాటతో మందలించడం, ధిక్కరించడం, ధనదండన, వధ. వీటిని విడివిడిగా గానీ కలిపి గానీ ప్రయోగించవచ్చు. ఆ వెంటనే, దండన విధించే ముందు రాజు తెలుసుకోవలసినవాటిని వరుసగా పేర్కొంటుంది: అపరాధ స్వరూపం, దేశం, కాలం, దోషి బలం, వయస్సు, వృత్తి, విత్తం. ఈ జాబితాలో నేరానికి సంబంధించినవి కొన్ని, నేరస్థునికి సంబంధించినవి మరికొన్ని. నేటి న్యాయపరిభాషలో తీవ్రతరాంశాలు, ఉపశమనాంశాలు అని మనం వేరు చేస్తున్నవి అక్కడ ఒకే శ్లోకంలో ఒదిగి ఉన్నాయి.

ఇంతటితో ఆగి పూర్వులను పొగడడం సులభం, కాని అది సగం సత్యమే అవుతుంది. ఈ స్మృతులలోనే వర్ణాన్ని బట్టి శిక్ష మారుతుంది. ఒకే మాట అన్నందుకు ఒకరికి జరిమానా, మరొకరికి అంగచ్ఛేదం. దొంగతనం విషయంలో మాత్రం మనుస్మృతి ఎదురు దిశలో నడుస్తుంది: శూద్రునికి ఎనిమిది రెట్లు దోషమైతే వైశ్యునికి పదహారు, క్షత్రియునికి ముప్పైరెండు, బ్రాహ్మణునికి అరవైనాలుగు రెట్లు అని, తెలివి పెరిగిన కొద్దీ బాధ్యత పెంచుతుంది. అయితే ఇటువంటి చోట్లు అరుదు. 'నేరస్థుణ్ణి చూసి శిక్షించడం' అనే సూత్రం దయకు ఎంతగా దారితీయగలదో వివక్షకు కూడా అంతగా దారితీయగలదని ఈ గ్రంథాలు స్వయంగా చూపుతున్నాయి. ఈ హెచ్చరికను మనసులో ఉంచుకునే ఆధునిక తీర్పులను చదవవలసి ఉంటుంది.

'ఆముక్తమాల్యద' నాలుగవ ఆశ్వాసంలోని రాజనీతి భాగంలో శ్రీకృష్ణదేవరాయలు వధ్యుల విషయంలో ఒక మాట చెబుతాడు. మరణదండన పడినవారికి మూడుమార్లు మొరపెట్టుకునే అవకాశం ఇవ్వాలి. అయితే, తప్పించుకుంటే ఉపద్రవం తెచ్చిపెట్టగలవారి విషయంలో ఆలస్యం పనికిరాదు. మొదటి భాగంలో తీర్పు పొరపాటు కావచ్చునన్న ఎరుక ఉంది. రెండవ భాగంలో రాజ్యరక్షణ దృష్టి ఉంది. తిరుమలేశునికి అపారమైన కానుకలు సమర్పించిన ఈ రాజు రాజ్యతంత్రంలో ఎంత లౌకికుడో ఈ ఒక్క పద్యం చాలు తెలుసుకోవడానికి.

3. శిక్షాలక్ష్యాలు

నేరశాస్త్ర గ్రంథాలు శిక్షకు చెప్పే లక్ష్యాలు ప్రధానంగా ఐదు. చేసిన తప్పుకు తగినంత బాధ దోషి అనుభవించాలనేది ప్రతిఫల సిద్ధాంతం. దీనిని పగ తీర్చుకోవడంగా అర్థం చేసుకోవడం సరికాదు. పగకు హద్దు ఉండదు. ప్రతిఫల సిద్ధాంతం నేరానికి మించి శిక్షించరాదని కూడా చెబుతుంది కనుక అది శిక్షకు పైకొలత కూడా. దోషిని సమాజానికి దూరంగా ఉంచి మరల నేరం చేయనీయకపోవడం నివారణ. బాధితునికి జరిగిన నష్టాన్ని పూడ్చడం పునరుద్ధరణ. వీటికంటె మన న్యాయస్థానాలలో ఎక్కువగా వినిపించేవి మిగిలిన రెండు: ఇతరులు భయపడేలా శిక్షించడం, దోషిని మార్చడం.

భయం ద్వారా నిరోధం ఎంతవరకు సాధ్యమో తెలుసుకోవడానికి తిరుపతివారు దూరం వెళ్లనక్కరలేదు. శేషాచలం అడవులలోని ఎర్రచందనం కోసం తమిళనాడు జవ్వాది కొండల ప్రాంతం నుండి కూలీలు గుంపులుగా రావడం, పట్టుబడడం, మరల కొత్త గుంపులు రావడం ఏళ్ల తరబడి సాగుతోంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పులలో 20 మంది మరణించారు. 2016లో రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలను గణనీయంగా పెంచింది. తిరుపతిలో ఈ కేసుల కోసం ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. ఐదేళ్ల కారాగారం, లక్షల రూపాయల జరిమానా విధిస్తూ తీర్పులు వెలువడుతున్నాయి. అయినా గొడ్డలి పట్టిన చేతులకు కొరత రాలేదు.

ఇటలీకి చెందిన బెకారియా 1764లో చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. నేరాన్ని ఆపేది శిక్ష ఎంత కఠినమన్నది కాదు, శిక్ష ఎంత నిశ్చయమన్నది. చెట్టు నరికే కూలీ పట్టుబడే అవకాశం ఎక్కువ, సరుకు ఓడ ఎక్కించే వ్యాపారి పట్టుబడే అవకాశం తక్కువ. భయం ఎవరికి కలగాలో వారికి కలగడం లేదు. పైగా లక్షల జరిమానా ఇద్దరికీ ఒకటే అయినప్పుడు అది ఒకరికి వ్యాపారపు ఖర్చు, మరొకరికి అదనపు జైలు. జరిమానా చెల్లించలేని దోషికి, నేరానికి నిర్ణయించిన గరిష్ఠ కారాగార కాలంలో నాలుగవ వంతుకు మించకుండా అదనపు ఖైదు విధించవచ్చునని శిక్షాస్మృతి చెబుతుంది. స్మృతికారుడు 'విత్తం' చూడమన్నది ఇందుకే కాబోలు. చట్టం కనీస శిక్షను బిగించిన కొద్దీ న్యాయమూర్తికి ఆ చూపు ఉన్నా దానిని వినియోగించే వీలు తగ్గిపోతుంది. కనీస శిక్షలను సమర్థించేవారు సమానత్వాన్ని ప్రస్తావిస్తారు. సమానులు కానివారి మధ్య సమానశిక్ష సమానత్వం ఎలా అవుతుందన్న ప్రశ్నకు వారి సమాధానం అంత బలంగా లేదు.

సంస్కరణ లక్ష్యాన్ని భారత న్యాయవ్యవస్థలో బలంగా ప్రతిపాదించిన తీర్పులలో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లినదే. మొహమ్మద్ గియాసుద్దీన్ కేసు (1977)లో, ఉద్యోగం ఇప్పిస్తానని యువకులను మోసగించి డబ్బు తీసుకున్న ఒక వ్యక్తి శిక్షను సుప్రీంకోర్టు తగ్గించింది. జైలులో అతనికి ఎటువంటి పని ఇవ్వాలో కూడా జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే సూచించారు. నేరాన్ని ఒక రుగ్మతగా, జైలును వైద్యశాలగా చూసే ధోరణి అది. ఈ ఉపమానం మీద అభ్యంతరాలు లేకపోలేదు. రోగికి తన తప్పు ఉండదు, నేరస్థునికి ఉంటుంది. అయినప్పటికీ, అనంతపురం సమీపంలోని రెడ్డిపల్లి ఆరుబయలు జైలు వంటి ఏర్పాట్ల వెనుక ఉన్నది ఈ ఆలోచనే. అక్కడ ఖైదీలు పొలం పనులు చేస్తూ శిక్షాకాలం గడుపుతారు. ఎత్తైన గోడలకంటె నమ్మకం మీద ఎక్కువగా ఆధారపడే వ్యవస్థ అది.

4. చట్టంలో వచ్చిన మలుపు

హత్యకేసుల్లో శిక్షానిర్ణయ చరిత్రను మూడు సంవత్సరాలతో గుర్తుంచుకోవచ్చు. 1898 నాటి నేరవిచారణ స్మృతి ప్రకారం హత్యకు మరణశిక్ష విధించని న్యాయమూర్తి ఎందుకు విధించలేదో కారణం రాయాలి. అంటే ఉరి సాధారణం, ప్రాణం నిలపడం మినహాయింపు. 1955లో ఆ నియమాన్ని తొలగించారు. 1973 స్మృతి పూర్తిగా తిరగేసింది. 354(3) సెక్షన్ ప్రకారం మరణశిక్ష విధించే న్యాయమూర్తే ప్రత్యేక కారణాలు చూపాలి. అదే స్మృతిలోని 235(2) సెక్షన్, దోషిగా నిర్ధారించిన తరువాత శిక్ష విషయంలో అతని మాట వినాలన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ రెండు నియమాలూ సెక్షన్ల సంఖ్యలు మారి కొనసాగుతున్నాయి.

1973 స్మృతి అమలులోకి వచ్చింది 1974 ఏప్రిల్ 1న. దానికి రెండు నెలలలోపు ముందుగా, ఫిబ్రవరి 11న, సుప్రీంకోర్టు ఈడిగ అనమ్మ కేసులో తీర్పు చెప్పింది.

5. ఈడిగ అనమ్మ కేసు

ముందుగా ఆ పేరు గురించి. రాయలసీమవాసులకు 'ఈడిగ' ఇంటిపేరు కాదని, కల్లుగీత వృత్తిగా గల కులం పేరని వెంటనే తెలుస్తుంది. దేశంలోని న్యాయవాదులందరూ యాభై ఏళ్లుగా ఒక కులం పేరును ఒక సూత్రానికి పేరుగా ఉచ్చరిస్తున్నారు, అది కులం పేరని తెలియకుండానే.

ఆమెకు సుమారు 24 ఏళ్లు. ఒక మగవాని ప్రేమ విషయంలో తనకు పోటీగా తలచిన స్త్రీని, ఆ స్త్రీ పసిబిడ్డను చంపిందన్నది రుజువైన నేరం. కింది న్యాయస్థానం మరణశిక్ష విధించింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టు నేరనిర్ధారణను కదపలేదు. శిక్షను మాత్రం యావజ్జీవ కారాగారంగా మార్చింది.

ఎందుకు మార్చింది? నేరం క్రూరమైనదేనని తీర్పు అంగీకరించింది. పథకం ప్రకారం జరిగిందని, పసిప్రాణం కూడా పోయిందని గుర్తించింది. ఆ తరువాత నేరం నుండి చూపు మరల్చి ఆమె వైపు చూసింది. మామ కొట్టి వెళ్లగొట్టడంతో అత్తింటిని వీడిన స్త్రీ. పుట్టింట ఉంటూ చిన్న కొడుకును పెంచుకుంటున్న తల్లి. వయస్సు తక్కువ. రెండేళ్లకు పైగా ఉరి నీడలో గడిపింది. ఈ విషయాలలో ఏ ఒక్కటీ తనంతట తాను నిర్ణాయకం కాదని తీర్పు స్వయంగా చెబుతుంది. అన్నీ కలిసినప్పుడు త్రాసు కొద్దిగా ప్రాణం వైపు మొగ్గిందన్నది దాని సారాంశం.

ఈ సందర్భంలోనే కృష్ణయ్యర్ మరణశిక్షకు ప్రతికూలమైన సూచకాలను కూర్చి చెప్పారు: మరీ చిన్న లేక మరీ పెద్ద వయస్సు, చట్టం చెప్పే మినహాయింపుల దాకా రాకపోయినా దోషిని నొక్కిన సామాజిక, ఆర్థిక, మానసిక ఒత్తిళ్లు, ఉరిశిక్ష నీడ దీర్ఘకాలం వెంటాడడం, అదే నేరంలో పాలుపంచుకున్న ఇతరులకు తక్కువ శిక్ష పడడం, ముందస్తు పథకం లేకుండా మరొకరి ప్రేరేపణతో హఠాత్తుగా చేయడం. రెండవ పళ్లెంలో ఆయుధం, దానిని వాడిన తీరు, నేరం భయానకత్వం, బాధితుల నిస్సహాయత ఉంటాయి. చట్టంలో ఇటువంటి మార్గదర్శకాలు లేకపోవడం పట్ల ఆయన విచారం కూడా వ్యక్తం చేశారు. నేరంతో పాటు నేరస్థుణ్ణి కూడా సమానంగా పరిశీలించాలన్న సూత్రం ఈ తీర్పుతో స్థిరపడింది. 1980లో బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దీనిని ఆమోదించింది.

ఈ తీర్పును నేను మానవీయమైనదిగానే భావిస్తాను. అయినా, సాహిత్య విద్యార్థిగా చదివినప్పుడు ఇందులో రెండు విషయాలు ఇబ్బంది కలిగిస్తాయి. ఒకటి, ఆమె స్త్రీత్వాన్ని, అదుపు తప్పిన కామాన్ని ఉపశమన కారణాలలో చేర్చిన తీరు. అత్తింటి హింసను కారణంగా చూపడం వేరు. ఆడది కనుక మనసు నిలకడ లేనిదన్న భావం వేరు. దయ చూపే వాక్యంలో కూడా పాత నమ్మకాలు దూరగలవని ఇది తెలుపుతుంది. రెండవది మరింత ముఖ్యమైనది. ఆమె జీవితాన్ని గురించిన ఈ నాలుగైదు వివరాలు శిక్ష కోసమని ఎవరూ సేకరించినవి కావు. నేరానికి ప్రేరణను రుజువు చేయడానికి వచ్చిన సాక్ష్యంలో దొరికిన తునకలు అవి. సరైన న్యాయమూర్తి కంటపడడం వలన అవి ఒక ప్రాణాన్ని కాపాడాయి. కంటపడకపోతే?

6. బస్సు దహనం కేసు: చదివినది ఎవరు?

కంటపడనప్పుడు ఏం జరుగుతుందో చిలకలూరిపేట కేసు చూపుతుంది. 1993 మార్చి 8న, దోపిడీ ఉద్దేశంతో ఆర్టీసీ బస్సులో పెట్రోలు చల్లిన ఘటనలో 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు పడిన మరణశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. న్యాయస్థానాలు చూసినది ప్రధానంగా మృతుల సంఖ్యను, నిప్పు పెట్టిన తీరును. 1983 నాటి మచ్చీసింగ్ కేసు నేరపు తీవ్రతను వర్గాలుగా విభజించిన తరువాత, నేరస్థుని వైపు చూడాలన్న బచన్ సింగ్ సూత్రం చాలా తీర్పులలో వెనుకకు జరిగిందన్న విమర్శ ఉంది. దానికి ఈ కేసును ఉదాహరణగా తీసుకోవచ్చు.

ఆ యువకుల పేదరికం, వయస్సు, చంపే ఉద్దేశం కాక దోచుకునే ఉద్దేశంతో మొదలైన చర్య, జైలులో వారి ప్రవర్తన: వీటి మీద చర్చ న్యాయస్థానం బయట జరిగింది. పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు ఉద్యమించారు. మహాశ్వేతాదేవి వంటి రచయిత్రి గొంతు కలిపారు. 1997 మార్చిలో ఉరి అమలుకు కొద్ది గంటల ముందు నిలుపుదల లభించింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. విచారణ న్యాయస్థానం శిక్ష వేసేనాడు చదవవలసిన జీవితచరిత్ర రాష్ట్రపతి భవనానికి చేరే వరకు ఎవరూ పూర్తిగా చదవలేదన్న మాట. ఉద్యమం లేని దోషి సంగతి ఏమిటన్నది ఇక్కడ సహజంగా కలిగే సందేహం. 23 కుటుంబాల దుఃఖానికి ఈ చర్చలో చోటెంత అన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. ఆ కుటుంబాలకు అందవలసిన పునరుద్ధరణ గురించి ఉరి పక్షం గానీ వ్యతిరేక పక్షం గానీ అంతగా మాట్లాడలేదు.

ఆలస్యం కూడా ఒక అంశమే. రాయలసీమవారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1983లో వైతీశ్వరన్ కేసులో, మరణశిక్ష పడిన ఖైదీని రెండేళ్లకు మించి ఉరికంబం నీడలో నిలపడం శిక్షను మార్చడానికి చాలిన కారణమన్నారు. ఈడిగ అనమ్మ కేసులో అనేక కారణాలలో ఒకటిగా కనిపించినది ఇక్కడ స్వతంత్ర సూత్రమైంది. 1989లో త్రివేణీబెన్ కేసు ఆ రెండేళ్ల లెక్కను తోసిపుచ్చింది. ఆలస్యం పరిగణనీయమే కాని దానికి గడియారం పెట్టలేమన్నది.

7. రాయని కారణాలు

తీర్పులో రాసే కారణాలు కొన్ని, రాయకుండా పనిచేసేవి కొన్ని. రాయలసీమలో రెండవ రకానికి ఒక ప్రత్యక్ష సాక్ష్యం ఏపూరు సుధాకర్ కేసు (2006). కర్నూలు జిల్లా రాజకీయ హత్యకు సంబంధించిన ఆ కేసులో దోషి మిగిలిన శిక్షను గవర్నరు 2005లో రద్దు చేశారు. దోషి పార్టీకి మంచి కార్యకర్త అన్న మాట ఆ నిర్ణయానికి ఆధారమైన కాగితాలలో ఉంది. సుప్రీంకోర్టు రద్దు ఉత్తర్వును కొట్టివేసింది. కులం, మతం, రాజకీయ విధేయత క్షమాభిక్షకు ఆధారాలు కారాదన్నది. దోషి జీవితాన్ని చదవడమంటే అతని పలుకుబడిని చదవడం కాదన్న ఈ గీత మన ప్రాంతానికి మరింత అవసరం. ఫ్యాక్షన్ హత్యలలో కత్తి పట్టినవానికి, పట్టించినవానికి పడే శిక్షల తేడా ఇక్కడి కథకులకు ఎప్పటినుండో వస్తువు.

ప్రజాగ్రహం మరొక రాయని కారణం. 2019 నవంబరు తొలివారంలో నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె ప్రాంతంలో తల్లిదండ్రులతో పెళ్లికి వచ్చిన ఒక పసిపాప అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ నెలాఖరున హైదరాబాదు శివారులో దిశ ఘటన, డిసెంబరు 6న నిందితుల ఎన్‌కౌంటర్, డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో దిశ బిల్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇరవైఒక్క రోజులలో తీర్పు రావాలన్న ఆ బిల్లు చట్టరూపం దాల్చలేదు గాని, వేగమే న్యాయమన్న భావన బలపడింది. 2020 ఫిబ్రవరి 24న చిత్తూరు న్యాయస్థానం ఆ పాప కేసులో దోషికి మరణశిక్ష విధించింది. నేరం జరిగి సుమారు మూడున్నర నెలలు. తీర్పు మీద వాతావరణం పనిచేసిందని అనడానికి ఆధారం లేదు. ఆ పసిబిడ్డ తల్లిదండ్రులను ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పకపోవడం మంచిదే. విషయం వేరు. నేరనిర్ధారణ వేగంగా జరగవచ్చు, జరగాలి కూడా. ఒక మనిషి మారే అవకాశం ఉందా లేదా అన్నది మాత్రం వేగంగా తేలే సంగతి కాదు. బచన్ సింగ్ తీర్పు ప్రకారం మరణశిక్ష వేయాలంటే దోషి సంస్కరణకు లొంగడని ప్రభుత్వం సాక్ష్యంతో చూపాలి.

చిత్తూరులోని రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మూడున్నర నెలలలో, మరొకటి దాదాపు పదేళ్లలో. శిక్ష ఒకటే. మొదటిదానిలో దోషిని గమనించడానికి కాలం లేదు. రెండవదానిలో నేరం నాటి మనిషికి, తీర్పు నాటి మనిషికి మధ్య ఒక దశాబ్దం ఉంది. ఆ దశాబ్దంలో వారు ఎలా జీవించారన్నది సంస్కరణ ప్రశ్నకు అన్నిటికంటె విలువైన సాక్ష్యం. హైకోర్టు ధ్రువీకరించనిదే మరణశిక్ష అమలు కాదు కనుక, ఈ పరిశీలనకు ఆ దశలోనైనా చోటుంది.

8. శిక్ష మీద విచారణ: ఏ భాషలో, ఎన్ని వాక్యాలలో?

2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లోటును నేరుగా ప్రస్తావించింది. మరణశిక్షకు అవకాశమున్న కేసుల్లో దోషి వయస్సు, కుటుంబం, చదువు, ఆర్థికస్థితి, పూర్వచరిత్ర, మానసిక స్థితి, జైలులో ప్రవర్తన గురించిన సమాచారాన్ని విచారణ దశలోనే రాబట్టాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్ష గురించిన విచారణకు ఎంత సమయం ఇవ్వాలన్న అంశాన్ని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది. నేరనిర్ధారణ జరిగిన రోజే శిక్ష కూడా ప్రకటించడం సరైనదేనా అన్న విషయంలో సుప్రీంకోర్టు తీర్పులే పరస్పరం విభేదిస్తూ వచ్చాయి.

మరణశిక్షకు రాని కేసుల సంగతి ఇంకా పలుచన. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద ప్రొబేషన్ అధికారి నుండి నివేదిక తెప్పించుకునే వీలుంది. భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చింది. ఇవన్నీ దోషి ఎవరో తెలిసినప్పుడే అర్థవంతమవుతాయి. తాగి గొడవ చేసిన యువకుణ్ణి ఏ సేవకు పంపితే మారతాడో ఆ నివేదిక లేకుండా ఊహించడం కష్టం.

ఇక్కడ భాషాశాఖలవారు పట్టించుకోదగిన సంగతి ఒకటి ఉంది. మన జిల్లాలలో సాక్షి తెలుగులో చెబుతాడు, నిందితుడు తెలుగులో జవాబిస్తాడు, తీర్పు ఎక్కువగా ఆంగ్లంలో వెలువడుతుంది. శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని అడిగినప్పుడు చిత్తూరు పల్లెవాడు 'పెండ్లాం బిడ్డలుండారు సామీ, ముసిలోళ్లుండారు, నేను తప్ప దిక్కు లేదు' అన్న ధోరణిలో మొరపెట్టుకుంటాడు. రికార్డులో అది, దోషి తనపై ఆధారపడినవారు ఉన్నారని చెప్పి కనికరం కోరాడన్న ఒక్క వాక్యంగా మారుతుంది. ఎవరి కేసులోనైనా అదే వాక్యం. ఎవరి ముసలితల్లి, ఎంతమంది బిడ్డలు, ఎకరం చేను ఎవరి పేర ఉంది, కూలికి ఎప్పుడు పోతున్నాడు, ఇంతకు ముందు ఊరిలో ఎలా ఉండేవాడు అన్నవి ఆ అనువాదంలో నిలవవు. ఈడిగ అనమ్మను కాపాడినవి సరిగ్గా అటువంటి వివరాలే.

ఉమ్మడి చిత్తూరు జిల్లా సెషన్స్ న్యాయస్థానాల తీర్పులు ఇప్పుడు ఈ-కోర్టుల వెబ్‌సైటులో అందుబాటులో ఉన్నాయి. వాటిలో శిక్ష గురించిన భాగం ఎన్ని వాక్యాలు ఉంటుంది, దోషి మాట ఎన్ని పదాలలో మిగిలింది, ఏ కారణం పేరు చెప్పి శిక్ష పెంచారు లేక తగ్గించారు అన్నవాటిని వరుసగా పరిశీలించడానికి న్యాయశాస్త్ర పట్టా ఉండనక్కరలేదు. పాఠాన్ని జాగ్రత్తగా చదవడం వచ్చి, రాయలసీమ మాండలికం తెలిసి ఉంటే చాలు.